నాయన మాటల మధ్య ఖాళీ

పోయిన వేసవిలో ధనంజయ మా ఇంటికి వచ్చాడు. తిరుపతిలో ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టల్లో అతని మంచం, నా మంచం పక్కపక్కనే ఉండేవి. చాలా ఏళ్ళకు కలిశాం. ఇద్దరి తలలూ నెరిశాయి, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. కాఫీ గ్లాసు చేతికి వచ్చిందో లేదో నా భార్య వైపు తిరిగి, "ఏమ్మా, మీ మామ టేపు సంగతి ఈయప్ప ఎప్పుడన్నా చెప్పినాడా నీకు?" అని అడిగాడు. ఆమె లేదంది. ధనంజయ గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గరగరలాడే గొంతుతో ఒక వాక్యాన్ని ఊపిరి తీయకుండా చెప్పేశాడు. చెప్పి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. "మా కాలేజీలో అంత నవ్విన దినం ఇంగొకటి లేదమ్మా" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నా భార్య నా ముఖం చూసింది. నేను కూడా నవ్వుతున్నాను. ధనంజయ చెడ్డవాడు కాదు. ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా, ఇంటికి వచ్చినవాడి ముందు ముఖం ముడుచుకుంటే బాగుండదని నవ్వాను. అతన్ని బస్సెక్కించి వచ్చాక ఆ నవ్వు ఎముకలాగా గొంతులో అడ్డంపడింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాయన చెంగల్రాయుడు చిత్తూరు మామిడికాయల మండీలో దళారి. ఆయనకు మాట మధ్యలో ఆగిపోయేది. ఒకే అక్షరాన్ని పట్టుకుని సాగదీసే నత్తి కాదు అది. మాట నడుస్తూ నడుస్తూ ఏదో ఒక పదం ముందు ఠక్కున నిలిచిపోయేది. నోరు తెరిచే ఉండేది, గొంతు పక్కన నరం ఒకటి లేచేది, కళ్ళు ఎదుటివాడి భుజం మీదుగా గోడకు ఆనుకునేవి. శబ్దం మాత్రం ఉండేది కాదు. కాసేపటికి ఆ పదం ఏమీ ఎరగనట్టు, మెత్తగా బయటికి వచ్చేది. ఆ కాసేపు మా ఇంట్లో ఎవరమూ ఆగేవాళ్ళం కాదు. వాక్యం ఆయన మొదలుపెడితే మేము ముగించేవాళ్ళం. "రాజా, ఆ గూట్లో ఉండే" అని ఆయన ఆగిపోతే, నేను గూట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాణ్ణి. ఆయన చూపు అగ్గిపెట్టె మీద ఉందని తెలిసి కూడా ముందు దువ్వెన ఇచ్చేవాణ్ణి. నాయనది బట్టతల. చెల్లెలు పగలబడి నవ్వేది. నాయన కూడా నవ్వేవాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందులో తప్పేమీ లేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

అమ్మ తీరు వేరు. నాయన ఆగినప్పుడు ఆమె ఆయన ముఖం చూసేది కాదు. సాయంత్రం ఆయన మండీ నుంచి వచ్చి, పెరట్లో కూర్చుని, చేతులకు అంటిన మామిడి సొనను కిరసనాయిలుతో రుద్ది కడుక్కుంటుంటే, ఆమె ఆయన వైపు వీపు పెట్టి రోట్లో ఊరుబిండి పచ్చడి రుబ్బుతూ ఉండేది. వేయించిన వేరుశనగ వాసన, కాల్చిన మిరపకాయల ఘాటు, కిరసనాయిలు కంపు అన్నీ కలిసి వచ్చేవి. రాయి గుండ్రంగా తిరిగే చప్పుడు ఆగేది కాదు. ఆ చప్పుడులో నాయన మాట ఎక్కడ తెగిందో, ఎక్కడ అతుక్కుందో ఎవరికీ తెలిసేది కాదు. మండీలో ఆ రోజు ఎవరు ఎవరిని ఏమన్నారో, ఏ తోట పూత రాలిపోయిందో, ఏ లారీ గుడిపాల దగ్గర ఆగిపోయిందో అన్నీ చెప్పుకునేవాడు. ఆమె వీపుతో ఆయన చెప్పుకున్నన్ని మాటలు లోకంలో ఇంకెవరి ముఖం చూసి కూడా చెప్పలేదు. నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చుని ఇదంతా రోజూ చూశాను. చూశానే గానీ నేర్చుకోలేదు.

మండీలో నాయన నిలదొక్కుకోగలిగాడంటే, అక్కడ బేరం నోటితో జరగదు గనకనే. కాయల కాలం వస్తే పరిచిన వరిగడ్డి మీద బెంగుళూరా, నీలం, మల్గోవ గుట్టలు గుట్టలుగా పడేవి. మగ్గే కాయల తీపి వాసనా, కుళ్ళిన కాయల పులుపు వాసనా ఇంటికి వచ్చాక కూడా బట్టలను వదిలేవి కాదు. అమ్మే రైతు ఒక పక్క, కొనే వ్యాపారి ఇంకో పక్క, మధ్యలో దళారి. దళారి భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుంటాడు. వ్యాపారి ఆ తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి, దళారి వేళ్ళు పట్టుకుని నొక్కి తన ధర చెప్తాడు. దళారి అదే తువ్వాలుతో రైతు దగ్గరికి పోయి, ఆ ధరను రైతు వేళ్ళ మీద నొక్కుతాడు. చుట్టూ ఎంతమంది నిలబడినా ఎవరికీ ఒక్క ముక్క తెలియదు. అంత పెద్ద బేరం రెండు నొక్కుల్లో అయిపోయేది. అక్కడ నాయన ఎప్పుడూ ఆగలేదు. వేలూరు నుంచి వచ్చే వ్యాపారులు ఆయన్ని చూపించి, "రాయుడు కై పొయ్ సొల్లాదు" అని అరవంలో అనేవాళ్ళు. ఆయన చెయ్యి అబద్ధం చెప్పదని. ఆ మాటను నాయన ఇంటికి తెచ్చి అమ్మ వీపుకు చెప్పుకోవడం నేను విన్నాను.

నేను ఇంజనీరింగులో ఉండగా తిరుపతికి కొత్తగా టీవీ వచ్చింది. ఊళ్ళో ఎక్కడ చూసినా మేడల మీద ఏంటెనాలు, కిటికీల దగ్గర గుంపులు. గాలి వీస్తే బొమ్మ మీద చుక్కలు రాలేవి, మాటలో బురబుర వచ్చేది. మా ప్రొఫెసరు గారు దాన్ని చూసి పెదవి విరిచేవారు. బొమ్మనూ మాటనూ అంకెలుగా మార్చి పంపితే దారిలో ఎంత మురికి పట్టినా అవతల శుభ్రంగా తేలుతాయని, రేపటి టీవీ అదేనని ఆయన నమ్మకం. చిక్కేమిటంటే, ఆ అంకెలు లెక్కకు మించి పుట్టుకొస్తాయి. వాటినన్నిటినీ మోసే చోటు ప్రసారంలో లేదు. అందుకని కుదించాలి. ఏది పారేసినా చూసేవాడికీ వినేవాడికీ తెలియదో, దాన్ని వెతికి పారేయడమే కుదించడం. వార్తలు చదివే ఆమె వెనక గోడ కదలదు కాబట్టి దాన్ని ఒక్కసారి పంపితే చాలు. కదిలే పెదవుల్ని మాత్రమే మళ్ళీ మళ్ళీ పంపాలి. మాటకూ మాటకూ మధ్య ఖాళీలో ఏమీ లేదు కాబట్టి దాన్ని మోయడం దండగ. చివరి ఏడాది ప్రాజెక్టుగా ధనంజయ బొమ్మ పని తీసుకున్నాడు, నేను మాట పని తీసుకున్నాను.

నా మిషను చేసేది ఇంతే: గొంతు ఒక మట్టానికి మించి లేస్తే అంకెలుగా మార్చి మెమొరీలో దాచుకుంటుంది, మట్టం కిందికి పడితే దాచుకోవడం ఆపేస్తుంది. తర్వాత దాచుకున్నదాన్ని వినిపిస్తుంది. ప్రొఫెసరు గారు మొదటి రోజే బోర్డు మీద గీసి చూపించి హెచ్చరించారు. "ఖాళీని పారెయ్యి, వద్దనను. కానీ అది ఎంతసేపు ఉండిందో ఒక చిన్న అంకె రాసి దాంతోపాటు పంపు. అవతలి మిషను అంతసేపు ఆగి, అప్పుడే తర్వాతి మాట వినిపించాలి. ఆ అంకె లేకపోతే నువ్వు పంపేది మనిషి మాట కాదు, ముక్కలు" అన్నారు. నేను ఆ అంకె వదిలేశాను. దానికి ఇంకో సర్క్యూటు కట్టాలి, కట్టే ఓపిక లేదు. పైగా అది లేకపోతేనే మెమొరీలో మిగులు ఎక్కువగా కనిపిస్తుంది. అయినా నాకు తృప్తి లేదు. ఎవరి గొంతు పెట్టినా మిగిలేది కొంచెమే. హాస్టల్లో అందరూ గడగడా వాగేవాళ్ళే, వాళ్ళ మాటల్లో ఖాళీలు ఎక్కడివి? కాలేజీలో ప్రదర్శన దగ్గరపడుతోంది. బయటి ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళు వస్తారన్నారు. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టాలి. అప్పుడు నాకు నాయన నోరు గుర్తుకొచ్చింది.

సరిగ్గా అదే సమయంలో మండీలో నాయన మీద నింద పడింది. కేశవులు అని ఇంకో దళారి ఉండేవాడు. నాయన చేతికి వచ్చే బేరాల మీద అతనికి ఎప్పటి నుంచో కన్ను. వ్యాపారి నొక్కిన ధర ఒకటి, రాయుడు రైతుకు నొక్కిన ధర ఇంకొకటి అని ఒక రైతును ఎగదోసి పంచాయితీ పెట్టించాడు. తువ్వాలు కింద జరిగినదానికి సాక్షి ఉండడు. అట్లాంటి తగాదా వస్తే మండీవాళ్ళకు తెలిసిన దారి ఒకటే. కాణిపాకం పోయి, స్నానం చేసి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట నిలబడి ప్రమాణం చేయాలి. తన నోటితో, అందరికీ వినపడేట్టు. చేసినవాణ్ణి ఆ తర్వాత ఎవరూ వేలెత్తి చూపరు. చేయలేకపోయినవాడి తువ్వాలు కిందికి ఎవరూ చెయ్యి పోనివ్వరు. చేతితో బతికే మనిషిని నోటితో బతికి చూపించమన్నారు. నాయన అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోతున్నాడని చెల్లెలు చెప్పింది.

టేప్ రికార్డరు సంచిలో పెట్టుకుని నేను చిత్తూరు బస్సెక్కాను. మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి నాయన వసారాలో ఒంటరిగా ఉన్నాడు, పెరట్లో అమ్మ రుబ్బుతోంది.

"నాయనా, కాలేజీలో ఒగ మిషను చేసినాను. మాటలో ఆగేదంతా తీసేస్తాది" అన్నాను.

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "తీసేస్తాదా?"

"తీసేస్తాది. నీ ప్రమాణం దీంట్లో చెప్పు. మిషన్లో ఏసి నీకు ఇనిపిస్తా. ఆగకుండా చెప్తే ఎట్లుంటాదో నీ చెవులతో నువ్వే ఇంటే, ఆ దినం నీ నోరు అదే దోవలో పోతాది."

ఆ రెండో మాట నేను అప్పటికప్పుడు అల్లిన అబద్ధం. నాకు కావలసింది ఖాళీలు.

"టీవీలో వార్తలు చెప్తారే, ఆ మాదిరి" అని నాయన ఆగాడు. నేను ఆగలేదు. "ఆ మాదిరే వస్తాది నాయనా" అన్నాను.

ఆయన లేచి పోయి, కాళ్ళు చేతులు కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. టేప్ రికార్డరు ముందు ఎవరైనా పంచె మార్చుకుంటారా అని నాకు నవ్వొచ్చింది. ప్రమాణం మాటలు ఆయనే అల్లుకున్నాడు: "వరసిద్ధి వినాయకుడి సాక్షిగా చెప్తాండా. ఆ బేరంలో నా చెయ్యి అబద్ధం చెప్పలేదు." ఒకసారి చెప్పించాను. తర్వాత అమ్మను రుబ్బడం ఆపమని ఇంకోసారి చెప్పించాను. "ఆపితే మీ నాయనకు కష్టం రా" అంది అమ్మ. "గమ్మునుండమ్మా, మిషనుకు గలాటా పనికిరాదు" అన్నాను. రాయి ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దమైంది. నేను నాయన ఎదురుగా కూర్చుని ఆయన నోటినే చూస్తున్నాను. "నా చెయ్యి" దగ్గర ఆయన ఆగిపోయాడు. గొంతు పక్క నరం లేచింది. లోపల నేను సంబరపడ్డాను. ఆ నోరు తెరుచుకుని ఉన్నంతసేపూ నాకు లాభమే.

ప్రదర్శన రోజున హాలు నిండిపోయింది. ఒక బల్ల మీద ధనంజయ బొమ్మ, పక్క బల్ల మీద నా మాట. నా వంతు వచ్చేసరికి తలుపు దగ్గర నాయన కనిపించాడు. ఒంటరిగా రాలేదు. మండీ పెద్దాయన, కేశవులు ఆ రోజు తిరుపతిలో ఏదో పెళ్ళికి వచ్చారు. "మా వోడు నా మాట టీవీ మాట మాదిరి చేసినాడు, ఇనిపోదురు రండి" అని నాయనే వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. తన మాట వినమని ఆయన ఒకరిని పిలవడం జన్మలో అదే మొదలు. నేను ఆపి ఉండవచ్చు. టేపు తెగిందని చెప్పి ఇంకో గొంతు పెట్టి ఉండవచ్చు. ముందు వరసలో లెక్చరర్లు, మా క్లాసు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. బటన్ నొక్కాను.

ముందు ఉన్నదున్నట్టు వినిపించాను. నాయన ఆగినచోట హాలు కూడా బిగుసుకుపోయింది. వెనక నుంచి ఎవరో, "కరెంటు పోయినాదా అప్పా?" అన్నారు. ఒకటే నవ్వు. ఆ తర్వాత నా మిషన్లోంచి వచ్చిన మాట వినిపించాను. నాయన పదాలను మెత్తగా మొదలుపెడతాడు. ఆ మెత్తదనం నా మట్టానికి అందక, ప్రతి పదానికీ తల తెగింది. తలలు తెగిన పదాలు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి, సందు లేకుండా, గరగరమంటూ దూసుకొచ్చాయి. దేవుడి పేరు, బేరం, చెయ్యి, అబద్ధం అన్నీ ఒకే తుమ్ములాగా వచ్చి పడ్డాయి. జనం కడుపులు పట్టుకున్నారు. "ఇంగోసారి! ఇంగోసారి!" అన్నారు. ఇంకోసారి వేశాను. అడిగినకొద్దీ వేశాను. ఎంత మిగిలిందో బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టాను. మొదట్లో నాయన కూడా అందరితోపాటు నవ్వాడు, దువ్వెన ఇచ్చినప్పుడు నవ్వినట్టే. ఆ నవ్వు మధ్యలో ఆగిపోవడం నేను చూశాను.

కేశవులు ముందుకొచ్చి నాయన భుజం తట్టాడు. "ఏమబ్బా చెంగల్రాయుడా, నీ కొడుకు నీ నోట్లో మోటారు బిగించినాడే! కాణిపాకానికి ఆ మోటారు గూడా ఎత్తుకొని రా, మరిచిపోయేవు!"

నాయన బల్ల దగ్గరికి వచ్చి మిషను మీద చెయ్యి ఆనించాడు. "రాజా, ఇది" అని ఆగాడు.

"నువ్వే నాయనా" అన్నాను, జనం వైపు చూసి నవ్వుతూ.

ఆయన వెళ్ళిపోయాక ప్రొఫెసరు గారు మెల్లగా, "ఖాళీల అంకెలేవి?" అని అడిగారు. "మెమొరీ చాల్లేదు సార్" అన్నాను.  ఆ సాయంత్రం మొదటి బహుమతి ధనంజయకూ నాకూ కలిపి ఇచ్చారు.

కాణిపాకం పోయే రోజు అమ్మ నన్ను వాకిట్లో నిలబెట్టి చెప్పింది. "నువ్వు తోడు పో. మీ నాయన ఆగితే ఆయన మొగం చూడొద్దు. యాడన్నా చూడు, ఆకాశం చూడు. ఆయనకు మాట వస్తాది. నువ్వు మాత్రం నోరు తెరవద్దు." అంత విడమరిచి చెప్పింది. ఎవరైనా పాటించగలిగేంత చిన్న పని అది.

నాయన స్నానం చేసి తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు కూడా తడిసి ఒంటికి అంటుకుంది. దాని మీద ఎన్ని ఉతుకులకూ పోని సొన మరకలు. మండీ పెద్దాయన, కేశవులు, ఆ రైతు, ఇంకొందరు చుట్టూ చేరారు. "ఒగ మాట, ఒగసారి. అంతే కదప్పా అందురూ ఒప్పుకున్నేది" అన్నాడు పెద్దాయన. అందరూ తలలూపారు. నాయన చేతులు జోడించాడు. "వరసిద్ధి వినాయకుడి సాక్షిగా చెప్తాండా. ఆ బేరంలో నా చెయ్యి" అన్నాడు. ఆగాడు.

పంచె అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నోరు తెరిచి ఉంది. కేశవులు దగ్గాడు. గుంపులో ఒకడు తిరుపతిలో ఆ రోజు ఉన్నాడు కాబోలు, గొంతు లోపలే గరగరలాడించాడు, మా మిషను లాగా. పక్కవాడు నోటికి తుండు అడ్డం పెట్టుకున్నాడు. "దేవుడి ముందర అబద్ధానికి నాలిక తిరగదబ్బా" అన్నాడు కేశవులు, ఎవరితోనూ కాకుండా. నేను ఆకాశం చూడలేదు. నాయన ముఖమే చూశాను. ఆయన కళ్ళు ఈసారి గోడ మీద లేవు, నా మీద ఉన్నాయి. ఆ వాక్యంలో ఆ ఖాళీ ఎంత పొడవో గ్రాఫు కాగితం మీద గీతలు గీసి కొలిచినవాణ్ణి నేను. ఆ పొడవు దాటితే మాట వస్తుందని ఆ గుంపులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ వాళ్ళంతా నన్ను కూడా చూస్తున్నారు, ఆ తెరిచిన నోటికి కొడుకుగా చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అది తొందరగా అయిపోతే చాలనిపించింది.

"అబద్ధం చెప్పలేదు" అన్నాను.

పెద్దాయన గిరుక్కున తిరిగాడు. "రేయ్, ఎవుర్రా నడమ నోరు పెట్టింది?"

అందరూ నా వైపు చూశారు. పలకాల్సిన పని లేకపోయింది.

"కొడుకు చేసినాడబ్బా ప్రమాణం, తండ్రి చెయ్యలేదు" అన్నాడు కేశవులు. "కొడుకు చెయ్యి గూడా ఉండిందా ఆ తువ్వాలు కింద?"

అప్పుడు, అంత ఆలస్యంగా, నాయన నోట్లోంచి "అబద్ధం చెప్పలేదు" అని వచ్చింది. మెత్తగా, మామూలుగా. వాళ్ళ నవ్వులో అది కలిసిపోయింది. పెద్దాయనకు వినపడిందో లేదో నాకు తెలియదు. "ఒగసారి అన్నాము కదా, అయిపోయింది" అని ఆయన చెప్పులేసుకున్నాడు.

తిరుగు బస్సులో నాయన తడి తువ్వాలు ఒళ్ళో పరుచుకున్నాడు. దాని కింద నుంచి ఆయన చెయ్యి వచ్చి నా వేళ్ళు పట్టుకుంది. మండీవాళ్ళు నాలుగు సీట్ల వెనక కూర్చుని ఉన్నారు. చూస్తారని నేను చెయ్యి లాగేసుకున్నాను.

ఆ కాయల కాలమంతా నాయన రోజూ మండీకి పోయాడు. తన చోట, తన గోనెసంచి మీద, తువ్వాలు మోకాలి మీద వేసుకుని కూర్చునేవాడు. ఒక్క చెయ్యి కూడా దాని కిందికి రాలేదు. కేశవులు దారిన పోతూ గొంతు గరగరలాడించేవాడు, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. మరుసటి ఏడు ఆయన ఒకరి మామిడితోటకు కాపలా కుదిరాడు. అక్కడ మాట్లాడాల్సిన మనిషి లేడు. ఇంట్లో కూడా వాక్యం మొదలుపెట్టడం మానేశాడు. అమ్మ అలవాటుగా వీపు తిప్పి రుబ్బేది. వెనక నుంచి ఏమీ వచ్చేది కాదు. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి నేను ఇంటికి పోయినప్పుడు ఆమె రాయి తిప్పడం ఆపకుండానే అంది: "ఇంక మీ నాయన ఆగడు లేరా. మాట్లాడితే కదా ఆగేదానికి."

ఆ ఉద్యోగం కూడా ఇదే పని. బొమ్మల్నీ మాటల్నీ కుదించి పంపడంలోనే నా జీవితం గడిచింది. ఈరోజు మీ ఇళ్ళలోకి వచ్చే టీవీలు, ఫోన్లు అన్నీ పారేసే విద్య మీదే నడుస్తున్నాయి, కానీ మేము అప్పటికన్నా మర్యాద నేర్చుకున్నాం. ఖాళీ ఎంతసేపో తప్పకుండా రాసి పంపుతాం. అంతటితో ఆగం, ఫోన్లో ఎవరైనా మాట్లాడుతూ ఆగితే, ఆ ఖాళీలో కావాలనే సన్నటి హోరు వేస్తాం, లైను తెగిపోయిందని అవతలివాడు కంగారుపడి పెట్టేయకుండా. మనిషి అక్కడే ఉన్నాడు, కాస్త ఆగు అని చెప్పడానికే ఆ హోరు. దాని మీద నేను ఏళ్ళ తరబడి పనిచేశాను. పనిచేసినన్నాళ్ళూ నా చెవులకు అది మా అమ్మ రోలు చప్పుడు లాగానే వినిపించేది. నేను జీతం తీసుకుని కనుక్కున్నదాన్ని ఆమె ఊరుబిండి రుబ్బుతూ చేసింది. మొదటి జీతంతో నాయనకు టీవీ కొనిపెట్టాను. ఆయన పోయేదాకా దాన్ని చూశాడు, దాని గొంతు పూర్తిగా తగ్గించి చూశాడు.

ఒక్క సంగతి ఇంతవరకూ దాటేస్తూ వచ్చాను. ధనంజయకు తెలియదు, నా భార్యకు తెలియదు. అమ్మకు తెలుసు, ఎన్నడూ ఎత్తకుండానే పోయింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో నాయన చేత ప్రమాణం రెండుసార్లు చెప్పించానన్నాను కదా. మొదటిసారి పెరట్లో రాయి తిరుగుతూనే ఉంది. నేను తల వంచి టేప్ రికార్డరు మీటలు సరిచేసుకుంటున్నాను, ఆయన ముఖం చూడలేదు. నాయన మొదలుపెట్టాడు. వినాయకుడి దగ్గర ఆగలేదు, బేరం దగ్గర ఆగలేదు, చెయ్యి దగ్గర ఆగలేదు. చివరిదాకా ఒక్క ధారగా వచ్చింది. పెరట్లో రాయి ఒక చుట్టు తప్పి మళ్ళీ తిరిగింది. నేను తలెత్తేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. "రాజా, ఆగలేదప్పా నేను! ఇన్నావా?" అన్నాడు.

"ఇన్నాను నాయనా. ఇట్ల చెప్తే నాకు పనికిరాదు. ఎప్పుడూ ఆగినట్టు ఆగి ఆగి చెప్పు" అన్నాను.

ఆయన కాసేపు నన్ను చూశాడు. "అట్లనా. సరేలేప్పా, నీకు కావాల్సినట్టే చెప్తా" అన్నాడు.

పెరట్లోకి తిరిగి అమ్మను ఆపమని కేకేశాను. టేపు వెనక్కి తిప్పి, ఆ మాటల మీదే రెండోసారి రికార్డు చేశాను.